మాస్టారిని అడగండి: నిమిషం నిండని స్ట్రావిన్‌స్కీ ముక్క

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ చదువుతూ పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాడు. వాళ్ల టీచర్ రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ ‘త్రీ పీసెస్ ఫర్ స్ట్రింగ్ క్వార్టెట్’లో మొదటిది వినిపించి, టెంపో (వేగం), కీ (ఆధార శ్రుతి), మూడ్ మూడూ రాసుకు రమ్మన్నారు. ఫోన్‌లో ఏదో యాప్ పెడితే ‘జి మేజర్, 126, ఎనర్జిటిక్’ అని వచ్చింది. వాడు అదే రాసేశాడు. నేను చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకున్నాను. నా చెవికి అది శంకరాభరణంలా మొదలై వెంటనే చెడిపోతున్నట్టుంది. యాప్ చెప్పింది ఒప్పేనా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, 126 ఒప్పే. జి మేజర్ పావు వంతు ఒప్పు. ఎనర్జిటిక్ అనే మాట వేగంగా నడిచే ఏ పాటకైనా సరిపోతుంది కాబట్టి ఈ ముక్క గురించి ఏమీ చెప్పదు. మీ చెవి విన్నదే అన్నిటికన్నా సత్యానికి దగ్గరగా ఉంది.

ముందు లయ. స్ట్రావిన్‌స్కీ ఈ మూడు ముక్కలనూ 1914లో స్విట్జర్లాండ్‌లో ఉండగా రాశారు. అంతకు ముందటేడు మే 29న పారిస్‌లో ఆయన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బ్యాలే ప్రదర్శనలో ప్రేక్షకులు పెద్ద రభస చేశారు. దానికి వాయించింది చాలా పెద్ద ఆర్కెస్ట్రా. ఏడాది తిరిగేసరికి ఆయన నలుగురు చాలన్నారు: రెండు వయొలిన్లు, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన ఒక వియోలా, ఇంకా పెద్దదైన ఒక చెల్లో. ఈ మొదటి ముక్కకు ఆయన అప్పుడు పేరు పెట్టలేదు. హుషారుగా వాయించాలనో, గంభీరంగా వాయించాలనో చెప్పే మాట కూడా రాయలేదు. పైన ఉన్నదల్లా ఒక అంకె, క్వార్టర్ నోట్ 126. అంటే నిమిషానికి 126 దెబ్బలు. ఒక్కో దెబ్బకు పట్టేది అర సెకను కన్నా కాస్త తక్కువ.

ఆ అంకెను మీ అబ్బాయి తేలిగ్గా తీసుకోకూడదు. మద్రాసులో సినిమా రీరికార్డింగ్ కాల్‌షీట్లకు వెళ్లిన కాలంలో మేం హెడ్‌ఫోన్‌లో లయ చెప్పే క్లిక్ వింటూ వాయించేవాళ్లం. విషాద సన్నివేశానికి క్లిక్ పెట్టినప్పుడు నా చెయ్యి కట్టేసినట్టుండేది. చివరి స్వరాన్ని కొంచెం సాగదీయాలని ఉన్నా వీలయ్యేది కాదు. ఈ ముక్కకు మాత్రం ఆ కట్టుబాటే ప్రాణం. కాల్‌షీటు లేని ఆదివారాల్లో మేం నలుగురం స్నేహితులం కోడంబాక్కంలో ఒకరి మేడ మీద కూర్చుని దీన్ని సాధన చేసేవాళ్లం. నాది రెండో వయొలిన్. వేళ్లకు అలవాటు కావాలని 112కు తగ్గించి మొదలుపెట్టాం. మొదటి వయొలిన్ పాట వెంటనే మారిపోయింది. జాలిగా, ఎవరినో తలుచుకుంటున్నట్టు వినిపించింది. స్వరాలు అవే, వేళ్లు అవే. మళ్లీ 126కు వచ్చేసరికి ఆ జాలి మొత్తం పోయింది. మూడ్ ఎక్కడుందని మీ అబ్బాయిని ఎవరైనా అడిగితే మొదటి సగం జవాబు ఇదే: ఆ 14 దెబ్బల తేడాలో ఉంది.

ఇక కీ. నలుగురినీ విడివిడిగా వినండి. మొదటి వయొలిన్‌కు ఉన్నవి నాలుగే స్వరాలు: జి, ఏ, బి, సి. జి ని షడ్జమం అనుకుంటే స రి గ మ, అంటే చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం. మీకు శంకరాభరణం తట్టింది అందుకే. హరికాంభోజి అనిపించినా తప్పు లేదు. ఆ రెండు రాగాలకూ తేడా నిషాదంలోనే ఉంది, ఈ పాట పంచమం దాకా కూడా వెళ్లదు కాబట్టి నిషాదం ఏదో తేలే అవకాశమే లేదు. ముక్క మొదటి నుంచి చివరి దాకా ఆ వయొలిన్ ఈ నాలుగింటిలోనే అటూ ఇటూ తిరుగుతుంది.

రెండో వయొలిన్‌కు కూడా నాలుగే. పై నుంచి కిందికి ఎఫ్-షార్ప్, ఈ, డి-షార్ప్, సి-షార్ప్. కింది సి-షార్ప్ నుంచి చదివితే స రి గ మే, కానీ గాంధారం సాధారణం. అది ఖరహరప్రియ రాగపు పూర్వాంగం, అంటే మొదటి సగం. ఇప్పుడు రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి దగ్గరున్న స్వరం ఇంకొకరి దగ్గర ఒక్కటీ లేదు. పైగా రెండో వయొలిన్ ఆధారమైన సి-షార్ప్ మొదటివాడి షడ్జమానికి ప్రతి మధ్యమం. అతని పాటలో శుద్ధ మధ్యమం ఉండగా పక్క కుర్చీలోంచి ప్రతి మధ్యమం కొట్టడం! చెడిపోతున్నట్టుందని మీరు రాశారే, అది ఇదే. సరిగ్గా అక్కడే చెడాలని ఆయన అనుకున్నారు.

ఈ రెండింటి కింద వియోలా డి స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. మన శ్రుతిలా మోగుతుంది గానీ పైనున్న ఇద్దరూ దాన్ని షడ్జమంగా ఒప్పుకోరు. అన్నిటికన్నా కింద చెల్లో మూడు స్వరాల చిన్న తునకను తీగ మీటుతూ తిప్పి తిప్పి వాయిస్తుంది.

కీ అంటే స్వరాల పట్టిక ఒక్కటే కాదమ్మా. ఒక ఆధారం నుంచి దూరం వెళ్లి, అక్కడ కొంత అశాంతి కలిగించి, మళ్లీ ఆ ఆధారానికి చేరుకునే ప్రయాణం కూడా. హైడన్ అనే పాతకాలపు స్వరకర్త క్వార్టెట్‌లో జి మేజర్ అంటే ఆ ప్రయాణం ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్లరు, కాబట్టి తిరిగి రావడమూ లేదు. మొదటి వయొలిన్ ఎక్కువగా చెవిన పడుతుంది గనక యాప్ జి మేజర్ అనుకుంది. మీ అబ్బాయి కాగితంలో ఇలా రాయొచ్చు: ‘కీ ఒక్కటి కాదు. మొదటి వయొలిన్ జి మీద, రెండోది సి-షార్ప్ మీద, వియోలా డి మీద నిలబడి ఉన్నాయి. ఏదీ గెలవదు.’ దీనికి మార్కులు వేయని టీచర్ ఉంటారని నేననుకోను.

మూడ్ సంగతి కొంచెం నిదానంగా చెప్పనివ్వండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. మనకు మూడ్ అంటే రాగంతో పాటే వచ్చేస్తుంది. ముఖారి రాగం అనగానే గొంతులో ఏదో కదులుతుంది. ఇక్కడ ఆ దారి మూసేశారు. మొదటి వయొలిన్ పాటను రష్యన్ పల్లెల్లో ఫిడేలు వాయించేవాడి బాణీలా రాశారు, దానిలో దుఃఖమూ లేదు, పెద్ద సంతోషమూ లేదు. రెండో వయొలిన్ అడ్డం వచ్చి నాలుగు స్వరాలు పొడిగా కొట్టి ఊరుకుంటుంది. మొదటివాడు దానికి జవాబు చెప్పడు, ఆగడు, గొంతు పెంచడు. నలుగురూ ఒకే చోట కూర్చున్నారు, ఒకరినొకరు పట్టించుకోవడం లేదు. తిరునాళ్లలో ఒక పక్క డప్పులు, ఒక పక్క రంగులరాట్నం వాడి పాట, ఇంకో పక్క బూరలు ఒకేసారి వినిపిస్తుంటే మనం నడుచుకుంటూ పోతాం చూడండి, అక్కడ పుట్టే ఉత్సాహం ఏ ఒక్క పాటదీ కాదు. ఈ ముక్క మూడ్ కూడా అటువంటిది. నలుగురిలో ఎవరినైనా ఒక్కరిని బయటికి తీసి వినిపిస్తే మూడ్ మాయమవుతుంది.

తర్వాతి కాలంలో స్ట్రావిన్‌స్కీ వీటిని ఆర్కెస్ట్రాకు మార్చి, ఇంకొకటి చేర్చి, ‘ఫోర్ ఎటూడ్స్’గా తెచ్చినప్పుడు ఈ మొదటి దానికి ‘డాన్స్’ అని పేరు పెట్టారు. కాబట్టి ఒక్కమాటలోనే రాయాలంటే ‘నృత్యం’ అని రాసుకోమనండి. చిరునవ్వు లేని నృత్యం అంటే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: మాస్టారూ, నేను మృదంగం నేర్చుకుంటున్నాను. పోయిన సంచికలో మీరు వినమన్నారని ఇదే ముక్క విన్నాను. చెల్లోకు తాళం వేస్తే ఏడు దెబ్బల మిశ్రచాపు కరెక్టుగా కూర్చుంది. తర్వాత మొదటి వయొలిన్‌కు అదే తాళం వేస్తే ప్రతిసారీ తప్పుతోంది. నా లెక్క ఎక్కడ పోతోంది?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: నీ లెక్క ఎక్కడా పోలేదు నాయనా. బార్లు, అంటే పాశ్చాత్య సంగీతంలో తాళాన్ని విడగొట్టే గదులు, మూడు, రెండు, రెండు దెబ్బల చొప్పున వస్తాయి. తకిట తక తక. మొత్తం ఏడు. చెల్లో దాంట్లో చక్కగా ఒదిగిపోతుంది. మొదటి వయొలిన్ పాట పొడవు మాత్రం 23 దెబ్బలు. అది పూర్తి కాగానే ఒక్క స్వరం మార్చకుండా మళ్లీ మొదటికి వస్తుంది.

ఇప్పుడు నువ్వే లెక్కగట్టు. మూడు ఆవర్తనాలకు 21 దెబ్బలు. ఇంకా రెండు మిగిలాయి. కాబట్టి పాట రెండోసారి ఎత్తుకునేటప్పుడు తాళంలో రెండు దెబ్బలు ముందుకు జరిగి ఉంటుంది. మూడోసారికి నాలుగు, నాలుగోసారికి ఆరు. ‘తకిట’ మీద బరువు పడిన స్వరం ఇంకోసారి ‘తక’ మధ్యలో పడుతుంది. అదే పాట, ఒక్క స్వరం కూడా మారలేదు, అయినా ప్రతిసారీ కొత్తగా వంకరపోతుంది. మన వాళ్లు సమం, అతీతం, అనాగతం అని పాట ఎత్తుగడను తాళంతో కలిపీ, ముందు వెనకలు చేసీ చూపిస్తారు కదా, అక్కడ గాయకుడు ఆలోచించి చేస్తాడు. ఇక్కడ రెండు సంఖ్యలను పక్కన పెట్టి వదిలేస్తే చాలు, మిగతాది వాటంతట అవే చేసుకుంటాయి.

ఇంకో సంగతి చూడు. ఏడుకీ ఇరవైమూడుకీ ఉమ్మడి భాజకం లేదు. రెండూ కలిసి మొదలైతే మళ్లీ కలవడానికి 161 దెబ్బలు కావాలి. 126 వేగంలో అంటే దాదాపు 77 సెకన్లు. ముక్క మొత్తం నిమిషం కూడా ఉండదు! మనం ఎదురుచూసే ఆ సమం, అంటే రెండూ కలిసే చోటు, ఎప్పటికీ రాదన్నమాట. మన కచేరీలో తీర్మానం ముగిసి అందరూ సమం మీద కలిసినప్పుడు సభలో చెయ్యి తొడ మీద పడుతుంది. ఆ చెయ్యి ఇక్కడ గాల్లోనే ఉండిపోతుంది. ముక్క చిన్నదిగా ఉండటానికి కారణం ఇదేనని నా నమ్మకం. రెండు చక్రాలూ కలిసేదాకా సాగనిస్తే వినేవాడికి లెక్క తెలిసిపోతుంది. కలవకముందే ఆపేశారు కాబట్టి, ఇది ఇలాగే ఎక్కడో నడుస్తూనే ఉందేమో అనిపిస్తుంది.

రెండో వయొలిన్ ఎప్పుడు పడుతుందో లెక్క చెప్పమని అడుగుతావేమో. నేను వాయించినవాణ్ని గనక చెబుతున్నాను, వినేటప్పుడు దాన్ని లెక్కపెట్టొద్దు. వాయించేటప్పుడు మాత్రం మొదటి వయొలిన్ వైపు చెవి పెట్టకూడదు. పెడితే ఆ పాట ఊపులో పడి మన నాలుగు స్వరాలు ముందో వెనకో వచ్చేస్తాయి. నేను చెల్లో మిత్రుడి కుడిచేతి వేలు చూస్తూ వాయించేవాణ్ని. కమాను కొన మీద కాకుండా చేతికి దగ్గరగా, మొదట్లోనే ఉంచి, ప్రతి స్వరానికీ కిందికే లాగి, తీగ మీద నుంచి వెంటనే ఎత్తేసేవాణ్ని. స్వరం కొట్టినట్టుండాలి, పాడినట్టుండకూడదు.

ప్రశ్న: మిగతా రెండు ముక్కలూ ఇలాగే ఉంటాయా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉండవు. రెండోది 76 వేగంతో మొదలై ఆగుతూ, ఉలిక్కిపడుతూ, దిశ మార్చుకుంటూ పోతుంది. 1914లో లండన్‌లో లిటిల్ టిచ్ అనే హాస్యనటుణ్ని చూసిన అనుభవంతో రాశానని స్ట్రావిన్‌స్కీయే చెప్పారు. పొట్టివాడైన ఆ నటుడు పొడవాటి బూట్లు వేసుకుని చేసే నృత్యానికి అప్పట్లో పెద్ద పేరు. మూడోది హాఫ్ నోట్ (రెండు క్వార్టర్ నోట్లంత స్వరం) 40. చర్చిలో బృందం ఒక వాక్యం పలికి, ఆగి, ఇంకో వాక్యం పలుకుతున్నట్టుంటుంది. మూడూ కలిపి ఎనిమిది నిమిషాలకు మించవు, మూడింటినీ వరసగానే వినండి. మొదటి దానిలో ఎవరూ ఎవరి మాటా వినకపోవడం, మూడోదానిలో నలుగురూ ఒకే గొంతుతో పలకడం పక్కపక్కన వింటేనే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, నేను టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్ట్రావిన్‌స్కీ అయిపోగానే ఫోన్ దానంతట అదే ఆస్ట్రియా స్వరకర్త వేబెర్న్ ‘సిక్స్ బాగటెల్స్’ (ఆరు చిన్న ముక్కలు) మొదలుపెట్టింది. చాలామటుకు నిమిషం లోపే. ఒకటి ఎప్పుడు అయిపోయిందో, ఇంకోటి ఎప్పుడు మొదలైందో తెలియలేదు. ఇవి పూర్తిచేయకుండా వదిలేసినవా? వీటికీ టెంపో, కీ, మూడ్ ఉంటాయా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: పూర్తయినవే బాబూ. ఇంతకన్నా పూర్తి చేయడం ఎవరివల్లా కాదు. ఆంటన్ వేబెర్న్ వీటిలో నాలుగింటిని 1911లోనూ మొదటిదాన్నీ చివరిదాన్నీ 1913లోనూ రాశారు. ఆరింటికీ కలిపి 57 బార్లు. స్ట్రావిన్‌స్కీ ముక్క చిన్నదైంది ఒకే విషయాన్ని తిప్పి తిప్పి చెబుతూ మధ్యలో ఆపేశారు కాబట్టి. వేబెర్న్‌వి చిన్నవైంది ఏదీ రెండోసారి చెప్పకూడదనుకున్నారు కాబట్టి. ఈ తేడా పట్టుకుంటే ఇద్దరి దగ్గరికీ దారి దొరుకుతుంది.

కీ గురించి ఆయనే 1932లో వియన్నాలో ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పారు. నోట్‌బుక్‌లో పన్నెండు స్వరాలూ వరసగా రాసుకుని, వాడిన స్వరాన్ని వాడినట్టు కొట్టేస్తూ పోయారట. పన్నెండూ అయిపోతే ఇక ముక్క అయిపోయిందనే అనిపించేదట. ఏ స్వరమైనా పదేపదే వినిపిస్తే చెవి దాన్ని షడ్జమం చేసేసుకుంటుంది. అది జరగకుండా చూసుకున్నారు. ఇక్కడ నిజంగానే కీ లేదు.

టెంపో మాత్రం స్ట్రావిన్‌స్కీకి పూర్తిగా ఎదురు. ఐదోదాని మీద ‘అత్యంత నిదానం’ అని జర్మన్‌లో రాసి ఉంటుంది. పదమూడు బార్ల పొడవునా శబ్దం పైకి లేవదు. లయ ఒక చోట సన్నగా వెనక్కి జారుతుంది, మళ్లీ అందుకుంటుంది. దీనికి క్లిక్ పెడితే చచ్చిపోతుంది. ఒకే వయొలిన్ మీద ఒక స్వరం కమానుతో, ఇంకోటి మీటుతో, ఇంకోటి బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క ముక్క) పక్కన గీసి గాజులా, మరోటి తీగను వేలితో తాకీ తాకనట్టు వాయించాలి. నలుగురూ గాలి బిగబట్టి కూర్చుంటారు.

మూడ్ ఏమిటని ఒక్కమాటలో అడిగితే నాకు వినిపించేది దుఃఖమే, గొంతెత్తని దుఃఖం. వేబెర్న్ తల్లి 1906లో పోయారు. ఆ తర్వాత రాసిన తన సంగీతమంతా చాలామటుకు ఆ మరణంతో ముడిపడిందని ఆయన 1912లో మిత్రుడు ఆల్బన్ బెర్గ్‌కు ఉత్తరం రాశారు. అది తెలిశాక నాలుగో బాగటెల్ వినడం నాకు ఎప్పుడూ తేలిక కాలేదు. 1924లో ఇవి అచ్చయినప్పుడు గురువు షోన్‌బర్గ్ ముందుమాట రాస్తూ, ఒక నవలంత విషయాన్ని ఒక్క కదలికలో, ఒక ఆనందాన్ని ఒక్క ఊపిరిలో చెప్పడానికి ఎంత నిగ్రహం కావాలో చూడమన్నారు. మీరు ఒక పని చేయండి. ఫోన్‌లో ఆ ‘దానంతట అదే’ మొదలయ్యే ఏర్పాటు తీసేయండి. ఒకటి విన్నాక ఆపి, కాసేపు ఊరుకుని, అదే మళ్లీ వినండి. రాత్రిపూట, కారులో కాకుండా ఇంట్లో.

ప్రశ్న: మాస్టారూ, నేను కర్ణాటక వయొలిన్ విద్యార్థినిని. స్ట్రావిన్‌స్కీ మొదటి వయొలిన్ పాట నాలుగు స్వరాలే కాబట్టి పట్టుకోగలిగాను. వాయిస్తే మా గురువుగారు ‘బాగుంది గానీ గమకం లేకపోతే బోసిగా ఉంది’ అన్నారు. గాంధారానికి కాస్త కంపితం (స్వరాన్ని ఊపడం) ఇవ్వొచ్చా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: వద్దమ్మా. మీ గురువుగారి చెవి మన రాగానికి తయారైన చెవి, అది అడగాల్సిందే అడిగింది. కానీ ఈ పాటలో గాంధారాన్ని ఊపగానే అది ఒక రాగంలో గాంధారం అయిపోతుంది, వినేవాళ్లు పంచమం కోసం, నిషాదం కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు పుట్టకూడదు. జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, కూడా వద్దు. వేలు స్వరం మీద పడాలి, లేవాలి. నువ్వు కింద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయిస్తావు కాబట్టి ఎడమచేయి కిందికీ పైకీ జారడానికి అలవాటుపడి ఉంటుంది. ఈ నాలుగు స్వరాలకు చేతిని జరపకు, వేళ్లనే వాడు. కమాను మాత్రం పొడవునా లాగు.

లయ కొట్టే యంత్రం మెట్రోనోమ్‌ను 126 దగ్గర పెట్టుకుని ముందు పాటను 23 దెబ్బలకు సరిపోయేలా, మొదటికి వచ్చే చోట ఒక్క క్షణం కూడా ఆగకుండా వాయించు. ఒక చుట్టుకు పదకొండు సెకన్లు పట్టాలి. అది కుదిరాక తోటి విద్యార్థి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి మిశ్రచాపు వేయించుకో. నువ్వు వాళ్ల తాళంలోకి జారిపోకూడదు, వాళ్లు నీ పాటలోకి జారిపోకూడదు. నాలుగు చుట్లు నిలబడగలిగితే మీ గురువుగారికి మళ్లీ వినిపించు. ఆయన తాళం వేయబోతే వద్దనకు, వేయనివ్వు. రెండో చుట్టులో ఆయనే ఆగి నీ వైపు చూస్తారు.